ఇద్దరి బరువు

బండి మీటర్లో, ఇంజను వేడెక్కిందని చెప్పే ఎర్రదీపం మళ్ళీ వెలిగింది.

అల్లుడు బండిని రోడ్డు పక్కకి తీసి, ఇంజను ఆపి, బావమరిదిని తిట్టుకున్నాడు.

బండి బావమరిదిది. ఫ్యాక్టరీ మూతపడ్డాక పెళ్ళాం పిల్లలతో వచ్చి తలదాచుకున్న ఇల్లూ బావమరిదిదే. ఆ ఇంట్లో అందరూ అతన్ని అల్లుడనే పిలుస్తారు. ఆ పిలుపులో మర్యాద ఎప్పుడో అరిగిపోయింది.

ఊరికే తిని కూర్చున్నాడన్న మాట పడకూడదని నిన్న తనే బండికి ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ మార్చాడు. ఆ పచ్చనీళ్ళు అంచుదాకా పోశాడు. అయినా ఇంజను పొయ్యి మీది పెనంలా కాలుతోంది.

రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి పట్టుకున్నాడు.

"ఆగండాగండి! తియ్యకండి!"

రోడ్డు వెంట నడిచి వస్తున్న పొడుగాటి మనిషి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టేసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో సంచి.

"ఇప్పుడు తీస్తే ముఖం ఉడికిపోతుందండీ. చల్లారనివ్వండి."

"చల్లారేదాకా కూర్చుంటే నా బతుకు తెల్లారినట్టే! పదింటికి మిల్లు గేటు మూసేస్తారు."

"మిల్లులో పనా?"

"స్టోర్‌కీపర్ ఉద్యోగం. ఒక్కటే ఖాళీ. వడపోసి వడపోసి ఇద్దర్ని మిగిల్చారు. ఇవాళ ఒకణ్ణి తీసుకుంటారు. ఆ రెండోవాడి కాళ్ళు విరగ, వాడు రాకపోతే చాలు నాకు!"

పొడుగాయన నవ్వాడు.

"పిల్లలున్నారా?"

"ఇద్దరు. మా అత్తగారు అన్నం వడ్డిస్తూ నిట్టూరుస్తుంది. అది విని విని మా పెద్దది మారు అన్నం అడగడం మానేసింది."

పొడుగాయన మిల్లు వైపు రోడ్డు చూశాడు. తర్వాత సంచి గట్టు మీద పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచాడు.

"కూలెంట్ పోశాక లోపలి గాలి తీశారా?"

"గాలి ఉండేది టైర్లో కదండీ?"

"గొట్టంలో కూడా చిక్కుకుంటుంది. అదున్నంతసేపూ కూలెంట్ తిరగదు, బండి కాలుతూనే ఉంటుంది."

ఇంజను చల్లారాక ముందు చక్రాన్ని గట్టు మీదికి ఎక్కించారు. మూత తీసి బండి స్టార్ట్ చేశారు. పొడుగాయన గొట్టం పిసుకుతుంటే బుడగలు బుడబుడమంటూ పైకొచ్చాయి. మట్టం తగ్గినప్పుడల్లా తన తాగేనీళ్ళ సీసాలోంచి పోశాడు. సీసా ఖాళీ అయింది.

"ఇప్పుడు కొంచెం రేజ్ చెయ్యండి. మెల్లగా, మెల్లగా."

అల్లుడికి నెమ్మది ఎక్కడిది? ఒక్కసారిగా తిప్పేశాడు. పచ్చనీళ్ళు ఎగజిమ్మి పొడుగాయన చొక్కా నిండా పడ్డాయి.

"అయ్యయ్యో!" అన్నాడు అల్లుడు, వాచీ చూసుకుంటూ.

"ఫరవాలేదులెండి, ఉతికితే పోతుంది." పొడుగాయన మట్టం సరిచేసి మూత బిగించాడు. "ఇక బయల్దేరండి. బరువు వెయ్యకుండా నెమ్మదిగా పోనివ్వండి."

కాస్త తటపటాయించి, "నన్ను కూడా ముందుదాకా..." అన్నాడు.

అల్లుడు అప్పటికే బండెక్కాడు.

"ఇద్దరి బరువైతే మళ్ళీ వేడెక్కదూ? మీరే అన్నారుగా!"

"అవునవును, అన్నాను."

ఏరు దాటినవాడికి తెప్పతో ఏం పని? అల్లుడు అతని పేరైనా అడగలేదు.

మిల్లు గేటు దగ్గర రెండోవాడి జాడ లేదు. కాపలా ముసలాయన గడియారం చూశాడు, రోడ్డు చూశాడు.

"ఇంకొకాయన రావాలి. ఓ ఐదు నిమిషాలు చూద్దామా?"

"పది దాటింది కదా పెద్దాయనా! రూలంటే రూలే. వేసెయ్యండి."

గేటు కిర్రుమని మూసుకుంది. ఆ చప్పుడు అంత తియ్యగా ఉంటుందని అల్లుడికి అప్పటిదాకా తెలియదు.

లోపల మేనేజరు ఖాళీ కుర్చీ వంక చూసి పెదవి విరిచాడు.

"సరే. రేపట్నుంచి మీరే రండి."

అల్లుడు బండి తాళం వేలికి తిప్పుతూ, ఎగురుకుంటూ బయటికొచ్చాడు.

"చూశారా పెద్దాయనా! రెండోవాడు రానే లేదు!"

"రాకేం? మీరు లోపలికెళ్ళిన కాసేపటికే వచ్చాడు. చెమటలు కక్కుకుంటూ, చొక్కా నిండా పచ్చమరకలు."

అల్లుడి చేతిలో బండి తాళం ఆగిపోయింది.

"పోయినసారి చంటిదాన్ని చంకనేసుకుని వచ్చాడు పాపం, ఇంట్లో చూసే దిక్కు లేదట. గేటు తియ్యమని కాళ్ళా వేళ్ళా పడతాడనుకున్నా."

"పడలేదా?"

"ఊహూఁ. బండి మీదొచ్చినాయన వేళకి అందుకున్నాడా అని అడిగాడు, అందుకున్నాడని చెబితే కాసిని మంచినీళ్ళు తాగి, వచ్చిన దారినే నడిచి వెళ్ళిపోయాడు."