కిటికీ ముందు కోడలు

“మీ బెంగాలీ మాషీ కాదే, అత్త! అత్తా అనాల. మళ్లీ అను.”

“అత్తా,” అంది మాలతి.

“అలాగ కాదు. కొంచెం బయపడతా అను.”

తెలుగు రైల్వేవాళ్ల పేట ఖరిదాలో, చిట్టెమ్మ వంటగదిలో కొన్నాళ్లుగా ఈ పాఠం నడుస్తోంది. మాలతి సాలువా పక్క పల్లెటూరి పిల్ల. గంపలో మరమరాలు తెచ్చి ఇంటింటికీ అమ్ముతుంది, అలాగే తెలుగు పట్టుబడింది. ఇప్పుడు ఎనిమిదో నెల. పాదాలు ఉబ్బిపోయాయి. కళ్లు బైర్లు కమ్ముతున్నాయంటోంది. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి తల్లి కూడా దక్కదేమోనని చిట్టెమ్మ భయం.

సర్కారు ఆ పల్లెకి ఆరోగ్య కేంద్రం ఇవ్వకపోలేదు. దానికి బోర్డు ఉంది. ఏటేటా బోర్డుకి రంగు వేస్తున్నారు. డాక్టరునే ఇంకా వేయలేదు. జిల్లా ఆసుపత్రి ఏటి అవతల. దగ్గర్లో ఉన్నది రైల్వే ఆసుపత్రి. మంచాలు, మందులు, నర్సులు, అన్నీ ఉన్నాయి. కాని అవి రైల్వేవాళ్లకీ, వాళ్ల ఇంటివాళ్లకీ మాత్రమే. రైలు పట్టాలు మాలతి మామగారి పొలం మీదుగానే పోయాయి, అది వేరే సంగతి.

చిట్టెమ్మ కొడుకు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కోడలు స్వర్ణకుమారి పలాసలో పుట్టింటికి వెళ్లింది. ఆమె ఆసుపత్రి కార్డు మాత్రం ఇక్కడే, బియ్యం డబ్బా వెనక ఉంది. అందుకని ప్రస్తుతానికి మాలతే స్వర్ణకుమారి.

అడ్డంకల్లా చీటీలిచ్చే కిటికీ దగ్గర కూర్చునే గుమాస్తా నూకరాజు. వరసలు అడుగుతాడు, ఊళ్లు అడుగుతాడు, ఏం కూర వండావని అడుగుతాడు. పక్కింటి జోగమ్మ ఇలాగే ఓ పల్లె పిల్లని కోడలని చెప్పి తీసుకెళితే, పైనుంచి కిందిదాకా చూశాడట. “ఏటమ్మా, పెళ్లయిన పిల్లకి మట్టెలైనా పెట్టలేదు, అంత పిసినారోళ్లా మీరు?” అని నలుగురిలో పరువు తీసి వెనక్కి పంపాడట. మర్నాడు మట్టెలు తొడిగి తీసుకెళితే కిక్కురుమనకుండా చీటీ రాసిచ్చాడు.

“ఆడికి కళ్లద్దాలే గాని కళ్లు లేవే,” అని జోగమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

చిట్టెమ్మకి నవ్వు రాలేదు. పట్టుబడితే కొడుకు ఉద్యోగం పోతుంది.

మాలతికి మట్టెలు తొడిగింది. నల్లపూసలు వేసింది. పాపిట మార్చి దువ్వి సిందూరాన్ని జుట్టు కిందికి తోసింది. బెంగాలీ ముత్తయిదువలు వేసుకునే తెల్లటి శంఖు గాజుల దగ్గరికి వచ్చేసరికి పిల్ల మొండికేసింది.

“ఇవి తియ్యను. తీస్తే ఆయనకి కీడు.”

“ఆడెక్కడో జనపమిల్లులో ఉన్నాడు. ఆడికేటి తెలుస్తాది?”

“గాజులకి తెలుస్తాది.”

ఇక వాదన లేదు. పాత చీర పేలికలు చింపి, గాజుల మీదుగా రెండు ముంజేతులకీ కట్లు కట్టింది చిట్టెమ్మ.

ఈ తతంగంలో ఆమెకే తెలియకుండా మరొకటి జరిగింది. అసలు కోడల్ని పల్లెత్తు మాట అనడానికి జంకే మనిషి, ఈ కోడల్ని తనివితీరా కసరసాగింది. నడక బాగులేదంది. గిన్నె పెట్టిన చప్పుడు బాగులేదంది. మాలతి తల వంచుకునేది. అంతా అలవాటు చేయడం కోసమేనని చిట్టెమ్మ తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్నాక, పూర్తిగా నమ్మలేకపోయింది.

ఆ రోజు కిటికీ ముందు పెద్ద వరస ఉంది. నూకరాజు వెనక కుర్చీలో తెలుగు రాని పైఆఫీసరొకడు కూర్చున్నాడు. దొంగ చుట్టాలు ఎక్కువయ్యారని తనిఖీకి వచ్చాడట.

“చేతులకేటి?” అన్నాడు నూకరాజు, అందరికీ వినబడేలా.

“గంజి ఒలికింది బాబూ,” అంది చిట్టెమ్మ.

“రెండు చేతుల మీదానా?”

“రెండు చేతుల్తోనే కద బాబూ వారుస్తారు.”

నూకరాజు కళ్లద్దాలు సర్దుకున్నాడు. “నువ్వాగమ్మా, పిల్లని సెప్పనీ. ఏటమ్మాయ్, నీ పేరేటి?”

“స్వర్ణకుమారి.”

“ఊరు?”

“పలాస.”

“మీ అత్త మంచిదేనా?”

ఇది పాఠంలో లేదు. మాలతి చిట్టెమ్మ వైపు చూసింది. తర్వాత నేల వైపు చూసింది.

“రోజూ తిడతాది,” అంది. కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

వరసలో ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఆ పిల్ల ఏమందని పైఆఫీసరు హిందీలో అడిగాడు.

“అసలు కోడలే సాబ్,” అన్నాడు నూకరాజు.

పైఆఫీసరు నవ్వి, ఠీక్ హై అని, టీ తాగడానికి లేచి వెళ్లాడు. నూకరాజు చీటీ రాశాడు. చిట్టెమ్మ అందుకోబోతే వదల్లేదు. చీటీ రెండో కొస పట్టుకునే కిటికీలోంచి ముందుకు వంగాడు. అయిపోయింది, కొడుకు ఉద్యోగం పోయింది అనుకుంది చిట్టెమ్మ.

“కాలిందంటే లోపల కట్టు విప్పి మందు రాస్తారు,” అన్నాడు గొంతు తగ్గించి. “మెట్ల మీద పడితే బెణికినాయని సెప్పండి. ఎవురూ విప్పరు.”

చిట్టెమ్మ కిటికీకి మరింత దగ్గరగా జరిగింది.

“ఓలమ్మో, ఇవన్నీ నీకెలాగ తెలుసు బాబూ?”

“మా అమ్మ కూడా ఆ శంఖు గాజులు తియ్యనందంట, నేను కడుపులో ఉండగా ఖరిదాలో ఒకావిడ నా కోడలని సెప్పి ఆమెని ఈ కిటికీ దాటించీసింది, పుట్టగానే పుస్తకంలో తన మనవడిగా రాయించింది, ఆ పూట నుంచి నేను నూకరాజుని.”