ముందు పళ్ల మధ్య సందు

"దీన్ని తీసెయ్యండి డాక్టర్ గారూ!"

కుర్చీలో కూర్చోకముందే ఆమె ఏడుస్తూ అన్న మాట అది. పెద్దావిడైన పళ్ల డాక్టరమ్మ గ్లౌజు తొడుక్కుంటూ ఆగిపోయింది. సరిగ్గా వారం కిందట ఆమె ముందు పళ్ల మధ్య సందును పూడ్చింది తనే. క్లిప్పులైతే ఏడాదిన్నర పడుతుంది, వెనీర్లనే పల్చటి పెంకులు అతికించాలంటే పళ్లు కాస్త అరగదీయాలి, పంటిరంగు సిమెంటైతే ఒక్క పూటలో అయిపోతుంది, వద్దనుకుంటే తీసేయొచ్చు కూడా అని విడమరచి చెప్పింది. ఆమె సిమెంటే చాలంది. అద్దంలో చూసుకుని చిన్నపిల్లలా మురిసిపోయింది. మరి ఇప్పుడీ ఏడుపేమిటి?

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

బయట ఎవరూ అనలేదు. ఆమె హోటల్లో రిసెప్షనిస్టు. "ఇన్నాళ్లూ ఈ నవ్వు ఎక్కడ దాచావమ్మా?" అన్నాడు మేనేజరు. మాట కూడా స్పష్టంగా వస్తోందన్నారు తోటి అమ్మాయిలు. ఇన్నేళ్లూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విన మనిషి, ఆ రోజంతా హాయిగా నవ్వుతూనే ఉంది.

గొడవంతా ఇంట్లోనే.

ఆ సాయంత్రం గుమ్మంలోంచే "ఏవండీ, ఓ సంగతి చెప్పనా!" అంది. కుర్చీలకు కేను అల్లడం ఆయన పని. అల్లుతున్నవాడు తలైనా ఎత్తలేదు.

"ఎవరండీ? ఎవరు కావాలి?" అన్నాడు.

వేళాకోళమనుకుంది. "నేనేనండీ, మీ ఒక్కగానొక్క పెళ్లాన్ని" అని నవ్వుతూ పళ్ల సంగతి చెప్పింది. ఆయన ముఖం మాడిపోయింది.

"నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?"

అంతే, ఇల్లు ఇల్లుగా లేదు. వడ్డిస్తూ పలకరిస్తే ఉలిక్కిపడతాడు. పక్కన చేరి కబుర్లు మొదలెడితే లేచి వెళ్లిపోతాడు. నిన్నయితే మరీ ఘోరం.

"నీకు పుణ్యముంటుంది, కాసేపు మాట్లాడకు. ఎవరో పరాయిదానితో కాపురం చేస్తున్నట్టుంది" అన్నాడు.

పదకొండేళ్లలో పల్లెత్తు మాట అనని మనిషి! కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇదంతా విన్న డాక్టరమ్మకు ఒళ్లు మండిపోయింది.

"చాల్లే అమ్మా! పెళ్లాం నాలుగు రోజులు అందంగా కనబడితే కళ్లలో నిప్పులు పోసుకునే మగాళ్లని చాలామందిని చూశాను. ఆయన కోసం రేపట్నుంచి మళ్లీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటావా?"

"పెట్టుకుంటానండీ."

"నీకేమైనా పిచ్చా? ఒకసారి తీసుకురా ఆయన్ని. నీ ఎదురుగా నిలబెట్టి చూపిస్తాను, ఎంత బాగున్నావో!"

ఆమె తల అడ్డంగా ఊపింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆయనకు పుట్టుకతోనే చూపు లేదండీ, ఇన్నేళ్లూ ఆయనెరిగిన నా ముఖమంతా, మాట్లాడేటప్పుడు ఆ సందులోంచి వచ్చే సన్నని ఈలే."