ఎదుటి కొండ చీకటి

కొండ మీది అబ్జర్వేటరీలో, తెరుచుకున్న గుమ్మటం మీద టార్చి వెలుగు పడింది.

డాక్టర్ మునియా కంప్యూటర్ ముందు నుంచి లేచి బయటికి పరుగెత్తింది.

"ఎవరది? ఆర్పండి ఆ లైటు!"

మెట్ల దగ్గర ముసలాయన. టోపీ ఉన్న పొడుగాటి పాత ఉన్ని అంగీ జెల్లాబా, మంచుకు తడిసిన చెప్పులు, చంకలో రొట్టెల మూట.

"నేనేనమ్మా. దారి కనపడక వేశాను. రొట్టెలు ఇంకా వేడిగానే ఉన్నాయి."

"మళ్లీ మీరేనా!"

అప్పుడప్పుడూ ఎక్కడి నుంచో నడిచి వస్తాడు. పేరేమిటో ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆయన అడిగేది మాత్రం ఎప్పుడూ ఒకటే.

"ఏమ్మా, ఆ ఆరిపోయిన నక్షత్రం దగ్గర ఎవరైనా మిగిలారా?"

మొదట్లో ఆమె ఓపిగ్గానే చెప్పింది. సూర్యుడిలాంటి నక్షత్రం ఆరిపోయాక నిప్పుకణికలా కాస్త మిగులుతుందని, దాన్ని శ్వేత కుబ్జం అంటారని, దాన్ని అంటిపెట్టుకుని తిరిగే గ్రహం ఉంటే అక్కడ బతకడానికి చాలినంత వెచ్చదనం ఉండొచ్చని.

పోయిన నెల ఆ నక్షత్రం రెండు నిమిషాలు కనుమరుగైంది. గ్రహం అడ్డొచ్చినట్టే. ఇంకొక్కసారి పట్టుకుంటేనే లోకం నమ్ముతుంది.

ఈ సాయంత్రం మళ్లీ ఆ రెండు నిమిషాలు వచ్చాయి; సరిగ్గా అప్పుడే టార్చి పడింది.

"అంతా పాడుచేశారు! మీ రొట్టెలు ఎవరడిగారు? మీకు ఇంట్లో ఎవరూ లేరా?"

ముసలాయన టార్చి ఆర్పాడు.

"లేరమ్మా. భూకంపంలో పోయారు."

ఆమె వినిపించుకోలేదు.

"లహ్సన్! ఈయన మళ్లీ లోపలికొస్తే నీ ఉద్యోగం ఉండదు."

కాపలాదారు లహ్సన్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"పద బాబాయ్. నీ గాడిదైనా ఇంతలా తన్నదు."

"అది రొట్టె తిన్నాకే తంతుందిరా."

ఆయన మళ్లీ రాలేదు.

చలికాలం వెళ్లిపోయేలోగా గ్రహం చిక్కే సాయంత్రం ఇంకొక్కటే మిగిలింది. ఆ సాయంత్రం మునియా టీ కూడా ముట్టకుండా కూర్చుంది.

ఎదుటి కొండ ఒక్కసారిగా భగ్గుమంది. వరసగా పెద్ద పెద్ద దీపాలు. తెర మీద నక్షత్రం ఆ వెలుగులో కలిసిపోయింది.

"లహ్సన్! ఏమిటది? అక్కడ కూలిన ఇళ్లు తప్ప ఏమీ లేవుగా!"

"హోటలు కడుతున్నారు మేడమ్. రాత్రీ పగలూ పనట."

"ఇన్నేళ్లు లేనిది ఇప్పుడే వచ్చారా?"

"ఇన్నేళ్లూ తిరుగుతూనే ఉన్నారు. కొండ సొంతదారే ఇవ్వలేదు. ఇక్కడ దీపాలు పెడితే పైనున్న అమ్మాయికి నక్షత్రం కనపడదు పొమ్మనేవాడు."

మునియా శాలువా అందుకుంది.

"ఆయన ఇల్లు చూపించు. కాళ్లు పట్టుకుంటాను."

"ఆయన కొండ అమ్మేసి ఊరొదిలి వెళ్లిపోయాడు మేడమ్" అన్నాడు లహ్సన్. "ఆ సాయంత్రం రొట్టెల మూటతో గేటు దాటించానే, ఆయనే."