ఇరవై నాలుగో నంబరు చొక్కా

ఇండియానాలోని ఆ ఊరి కాలేజీకి బాస్కెట్‌బాల్ కోచ్‌గా కొత్తగా వచ్చిన గారిక్, ఒడెస్సా అనే ఆవిడ కొడుకును జట్టులోకి అడగడానికి వాళ్లింటికొచ్చి అరగంటయింది. ఆవిడ కాఫీ కూడా ఇవ్వలేదు.

“పోయిన శుక్రవారం స్టేడియంలో దీపాలార్పి, పొగ వదిలి, మైకులో ఏమన్నారు?” అంది.

“ఈ జట్టులో ప్రతివాడూ నా కన్నబిడ్డే అన్నానమ్మా. పదివేలమంది లేచి చప్పట్లు కొట్టారు.”

“కన్నబిడ్డలా? సరే.”

గారిక్ సంచిలోంచి ఇరవై నాలుగో నంబరు చొక్కా తీసి బల్లమీద పరిచాడు. వీపున ఆమె కొడుకు పేరు కుట్టి ఉంది. ఏ ఇంట్లోనైనా సరిగ్గా ఇక్కడే తల్లుల కళ్లు చెమరుస్తాయి.

ఒడెస్సా చొక్కా తిరగేసింది. పేరు చుట్టూ పాత సూది బెజ్జాలున్నాయి.

“ఇదివరకు ఇది ఎవరిది?”

“పాత కుర్రాడిదమ్మా. వెళ్లిపోయాడు.”

“వెళ్లాడా, పంపారా?”

“కొత్తవాళ్లకు చోటు కావాలి కదా.”

“వాడి పేరేమిటి?”

గారిక్ పైకప్పు వైపు చూశాడు. “నాలుకమీదే ఉందమ్మా.”

“నాకు గుర్తుంది. మీ జట్టు బట్టలు కుట్టేది నేనే. మీరు మైకులో మాట్లాడిన మర్నాడే, ఆ పేరు విప్పమని ఈ చొక్కా మా కొట్టుకొచ్చింది. గట్టి కుట్టు. గంట పట్టింది.”

ఆమె చొక్కా మడిచి ఆయన ఒళ్లో పెట్టింది.

“అందుకే మా వాడి పేరు కచ్చాకుట్టు వేశాను. లాగితే ఊడొచ్చేస్తుంది.”