కిరీటం లేని సాగరకన్య

ఊళ్లో ఇంటింటికీ కథల గోడలు వచ్చాయి. ఎవరు కథ చెప్పినా గోడ దాన్ని అప్పటికప్పుడు బొమ్మలుగా చూపిస్తుంది.

దేముడమ్మ కవళ్ల చేపలకు పొలుసు తీస్తూ మనవరాలు లాస్యకు సాగరకన్య కథ మొదలుపెట్టింది. అమ్మ గొంతుతో పిలిచి పిల్లల్ని నీళ్లలోకి లాక్కుపోయే సాగరకన్య అది. గోడ మీద మాత్రం ముత్యాల కిరీటం పెట్టుకున్న తెల్లటి పిల్ల నవ్వుతూ పాట పాడింది.

"ఇదేటే గోడా? దాని జుట్టు నాచు, పళ్లు సొరచేపవి అని సెప్పినాను గదా!"

"పిల్లలు భయపడకుండా మార్చానమ్మా," అంది గోడ మర్యాదగా.

దేముడమ్మ చేతిలో చేప కింద పెట్టింది. "లాస్యా, సముద్రంలోంచి మీయమ్మ గొంతు పిలిస్తే ఏటి సేస్తావే?"

"ఎల్తాను నానమ్మా. కిరీటం ఇస్తాది గదా!"

దేముడమ్మ గోడ మీద విరుచుకుపడింది. "ఇన్నావా? బయపడాలనే గదే సెప్పినాను! ఆ బయం లేకే మా తమ్ముడు కెరటాల్లోకి ఎల్లిపోనాడు. మా కత మార్సడానికి నువ్వెవులివే?"

మనవరాలి రెక్క పట్టుకుని ఒడ్డుకు లాక్కెళ్లింది. గోడలు లేని చోట, సముద్రానికి ఎదురుగా కూర్చోబెట్టి కథ మళ్లీ మొదట్నుంచి చెప్పింది. సాగరకన్య పిలిచే చోటికి వచ్చేసరికి లాస్య దగ్గరికి జరిగి నానమ్మ కొంగు గట్టిగా పట్టుకుంది.

"ఆఁ," అంది దేముడమ్మ. "ఇప్పుడు ఇన్నావు."