ఇంటికెళ్లే సైరన్

ఊరి గుర్తు పోకూడదని మూతపడ్డ బట్టల మిల్లును మ్యూజియం చేశారు. ఒకప్పుడు అక్కడ మగ్గం నడిపిన ముసలామె ఇప్పుడు అక్కడే ఊడుస్తోంది. మగ్గాల హోరులో మాట వినపడదని ఆ రోజుల్లో ఆడవాళ్లు పెదాల కదలికతోనే ముచ్చట్లు పెట్టుకునేవారు. ఆ విద్య ఆమె ఇంకా మరిచిపోలేదు.

చీకటి పడ్డాక ఆఖరి గదికి తాళం వేయబోతూ, గోడమీది గ్రూపు ఫొటోలో చెల్లెల్ని చూసింది. ఆ ఫొటో దిగిన వారానికే చెల్లెలు షిఫ్టు మధ్యలో మగ్గం మీదే వాలిపోయింది. మళ్లీ లేవలేదు.

చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఫొటోలో చెల్లెలి పెదాలు కదిలాయి.

"అక్కా, ఇంటికెళ్లే సైరన్ మోగిందా?"

అది ఆఖరిసారి మోగి పదకొండేళ్లయింది. ఆ మాట చెబితే చెల్లెలు వెళ్లిపోతుంది. అక్క చప్పుడు లేకుండా పెదాలు కదిపింది.

"ఇంకా లేదమ్మా."