కొత్తదిచ్చి పాతదడిగిన మనిషి

పళ్ళు రావడం మొదలయ్యాక పాప ఇంట్లో కొరకని వస్తువంటూ మిగల్లేదు.

కుర్చీ చేతులయ్యాయి, బల్ల అంచులయ్యాయి. చివరికి తన మంచానికే ఎసరు పెట్టింది. చుట్టూ కటకటాలున్న పిల్లల మంచం అది, పచ్చరంగుది, పాత సామాన్ల కొట్లో కొన్నది. పాప పొద్దున్నే లేచి, పై కమ్మీ పట్టుకుని నిలబడి, అప్పుడే మొలిచిన రెండు పళ్ళతో దాన్ని గీకుతూ ఉండేది.

"మనింట్లో చెదపురుగు పుట్టిందే!" అని తండ్రి మురిసిపోయేవాడు.

కోడలు తడిగుడ్డ చల్లబరిచి నోటికి అందిస్తే పాప ఊసేసింది. రబ్బరు రింగు ఇస్తే విసిరికొట్టింది. అత్తగారు చిగుళ్ళు రుద్దబోతే ఆవిడ వేలినే కొరికింది.

"పోనీలేవే, కొరుక్కోనీ. మీ ఆయన మంచంకోళ్ళు కొరుక్కునే ఇంతవాడయ్యాడు," అంది అత్తగారు వేలు ఊదుకుంటూ.

అంతలో తలుపు చప్పుడైంది.

కోడలు పాపని చంకనేసుకుని వెళ్ళి తీసింది. గుమ్మంలో ముప్ఫై దాటిన మనిషి ఒకడు. గడ్డం మాసి ఉంది. పక్కన గోడకి ఆనించి కొత్త పిల్లల మంచం, రంగు వేయని చెక్కది.

"అమ్మా, కొట్టాయన మీ ఇల్లు చెప్పాడు. మీరు కొన్న పచ్చమంచం మాదే. ఇది తీసుకుని అది ఇచ్చేయండి."

"ఎందుకు?"

ఆయన పాపని చూశాడు. ఏదో అనబోయి ఆగాడు.

"ఆ రంగు మంచిది కాదమ్మా."

"మాకు నచ్చే కొన్నాం."

"మీరు పైసా ఇవ్వక్కర్లేదు. ఊరికే తీసుకోండి."

ఆ మాటే ఆయన కొంప ముంచింది. కొత్తది ఊరికే ఇచ్చి పాతది పట్టుకుపోయేవాడు లోకంలో ఎక్కడైనా ఉంటాడా?

కోడలు తలుపు వేసేసింది.

సాయంత్రం ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ చేరారు.

"ఇందులో ఏదో ఉంది," అన్నాడు భర్త.

"బంగారమేమోరా," అంది అత్తగారు గొంతు తగ్గించి.

కోళ్ళు ఊడదీశారు. తట్టి చూశారు. పరుపు కింది చెక్కలు విప్పారు. చచ్చిన చీమ కూడా దొరకలేదు. అంతా మళ్ళీ బిగించేసరికి భర్తకి నడుం పట్టేసింది. అంతసేపూ పాప మాత్రం విడిగా పడున్న కమ్మీని ఒళ్ళో పెట్టుకుని హాయిగా నమిలింది.

మర్నాడు ఆయన మళ్ళీ వచ్చాడు. పాప మళ్ళీ చంకలోనే ఉంది. ఈసారి చేతులు జోడించాడు.

"ఇవ్వకపోతే పోనీండి. పాపని దాని జోలికి పోనివ్వకండి. నోట్లో మాత్రం పెట్టుకోనివ్వకండి."

కోడలికి ఒళ్ళు మండింది. "మా పిల్లని ఎలా పెంచుకోవాలో మీరు చెప్తారా? ఇంకోసారి ఈ గుమ్మం ఎక్కితే పోలీసుల్ని పిలుస్తాను."

ఆయన తలొంచుకుని మెట్లు దిగిపోయాడు. కొత్త మంచం అక్కడే వదిలేశాడు. అత్తగారు దాని మీద తడిబట్టలు ఆరేసింది.

తర్వాత పాప పాలు సరిగ్గా తాగడం మానేసింది. తాగినవీ కక్కేది. పళ్ళ వల్లే అంది అత్తగారు. పళ్ళ వల్లే అనుకుంది కోడలు. ఒకరోజు పాప కమ్మీ వంక కూడా చూడకుండా తల వేలాడేసి కూర్చుంది. అప్పుడు కోడలు పాపని ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

పిల్లల డాక్టరమ్మ పాప నోరు తెరిచి చూసింది. చిగుళ్ళ సందున పచ్చటి పెచ్చు ఒకటి అంటుకుని ఉంది.

"ఏం కొరుకుతోంది?"

"మంచం..."

డాక్టరమ్మ రక్తం తీయించింది. రిపోర్టు రాగానే కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"ఒంట్లోకి సీసం వెళ్ళిందమ్మా. ఆ రంగులోది. పాపని ఇప్పుడే చేర్చుకుంటాం."

రంగు మంచిది కాదని ఓ మనిషి గుమ్మంలో నిలబడి మొత్తుకుంటే తను తలుపు మూసింది.

"బతుకుతుందా?"

"బతుకుతుంది. ఇంకొన్నాళ్ళు ఆగుంటే నేనీ మాట అనగలిగేదాన్ని కాదు."

పాప దగ్గర అత్తగారిని కూర్చోబెట్టి, కోడలు పాత సామాన్ల కొట్టుకి పరుగెత్తింది. కొట్టాయన షట్టరు దించుతున్నాడు.

"మీ దగ్గరికే బయల్దేరుతున్నానమ్మా," అన్నాడు ఆమెను చూడగానే.

"ఆ పచ్చమంచం ఆయనెక్కడ? నేను ఆయన కాళ్ళ మీద పడాలి."

"మొగుడూ పెళ్ళాం ఇల్లు ఖాళీ చేసి ఈ ఉదయమే వెళ్ళిపోయారు. ఎక్కడికో చెప్పలేదు. పోతూ పోతూ సంగతంతా నాకు చెప్పి, మీకు చెప్పమన్నారు."

"నాకే చెప్పొచ్చుగా! చెప్పుంటే అప్పుడే ఇచ్చేసేదాన్ని!"

"నేనూ అదే అడిగాను. పాప మీ చంకలో ఉందటగా. పసిబిడ్డ ఎదురుగా చావు మాట ఎత్తడానికి నోరు రాలేదన్నారు."

"ఎవరి చావు?"

"వాళ్ళ బాబుది. వాడూ పళ్ళొచ్చేటప్పుడు ఆ మంచమే కొరికేవాడట. ఎందుకు పోయాడో తెలీక, చూళ్ళేక, మంచం నాకు అమ్మేశారు. కారణం ఆ రంగేనని తర్వాతెప్పుడో తెలిసింది."

కోడలు కొట్టు మెట్టు మీద కూలబడింది.

"పసిపిల్లల మంచానికి అలాంటి రంగు వేసిన పాపాత్ముడెవడు? వాడి చేతులు పడిపోనూ!"

కొట్టాయన తాళంచెవులు పక్కన పెట్టి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"అలా తిట్టకమ్మా," అన్నాడు. "బిడ్డ పుట్టబోతోందన్న సంబరంలో ఆ రంగు తన చేత్తో వేసుకుంది ఆయనే."